పెద్ద కొళాయి, ఎండాకాలం లెక్క



కాలువలు కట్టేశారంటే మన దివిసీమలో మాటలన్నీ మంచినీళ్ళ చెరువు మీదికే పోతాయి. మట్టం ఎంతుంది, ఎన్నాళ్ళొస్తుంది, ట్యాంకరు ఎప్పుడొస్తుంది... ఈసారి ఆ చెరువు గురించే ఇంకో మాట రాస్తాను. ఊళ్ళో నీళ్ళు బాగా వాడేవాళ్ళకి మీటరు పెట్టి వసూలు చేయాలంటే రేటు ఎలా కట్టాలి?

ఐసు ఫ్యాక్టరీ, కల్యాణ మండపం, లాడ్జి, టిన్నుల్లో నీళ్ళమ్మే ప్లాంటు. నాగాయలంకలాంటి ఊళ్ళో పెద్ద వాడకందార్లంటే ఇలాంటివాళ్ళే. రొయ్యల చెరువుల్ని ఇందులో కలపకండి, వాటిది కొళాయి నీళ్ళ గొడవ కాదు. అది ఇంకో ఉత్తరానికి సరిపడా ఉంది.

ఇళ్ళకు నెలకింతని కట్టించుకోవడం పంచాయతీకి సులువు. అరంగుళం కొళాయిలో ఇంటికీ ఇంటికీ పెద్ద తేడా రాదు. రెండంగుళాల పైపు దగ్గరే లెక్క తప్పుతుంది. చూడ్డానికి పైపు వెడల్పు నాలుగింతలే, నీళ్ళు పారే చోటు మాత్రం పదహారింతలు. ఇంటి రేటుకి నాలుగింతలు వేసి సరిపెట్టుకుంటే మిగతాది ఇళ్ళవాళ్ళు మోస్తున్నట్టే.

ఐసు సంగతి చూడండి. టన్ను ఐసుకి టన్ను నీళ్ళు, అంటే ఒక కిలోలీటరు. యంత్రాలు చల్లబడటానికి ఆవిరైపోయేది అదనం. రోజుకు 10 టన్నులు తీసే ఫ్యాక్టరీ ఒకటి ఉందనుకుందాం. పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లివ్వాలని జల్ జీవన్ మిషన్ పెట్టుకున్న కొలత. నలుగురున్న ఇంటికి 220 లీటర్లు. ఆ ఫ్యాక్టరీ ఒక్కటే 45 ఇళ్ళ నీళ్ళు తాగుతుంది. తప్పనడం లేదు. ఐసు లేకపోతే వేటకెళ్ళిన పడవా, రొయ్య పట్టిన రైతూ ఇద్దరూ నష్టపోతారు.

ఆ ఫ్యాక్టరీ ఆసామి ‘ఇంత కొంటున్నాను, టోకు రేటు ఇవ్వండి’ అంటే వినాల్సిందే. ఆ మాటలో పస ఉంది. నలభై అయిదు కొళాయిలకు వీధివీధికీ పైపులు వేసి, లీకులు కట్టించి, గడపగడపకూ తిరిగి వసూలు చేసేకంటే ఒక పైపు, ఒక మీటరు, ఒక బిల్లు చౌక. పైపుల ఖర్చులో తగ్గింపు ఇవ్వొచ్చు. నీళ్ళ రేటులో మాత్రం కుదరదు.

ఎందుకంటే మనకి నీళ్ళు ఇక్కడ పుట్టవు. బోరు వేస్తే ఉప్పు. తాగే నీళ్ళు ప్రకాశం బ్యారేజీ దగ్గర బయల్దేరి, కాలువల వెంట దిగి, పులిగడ్డ అక్విడక్టు మీద కృష్ణ పాయ దాటి రావాలి. కాలువ పారుతున్నన్నాళ్ళూ చెరువులోంచి తోడింది మళ్ళీ నిండుతుంది. ఆగస్టులో కిలోలీటరుకయ్యేది మోటారు కరెంటు, పటిక, క్లోరిన్ ఖర్చే. కాలువ కట్టేశాక తోడింది మళ్ళీ నీళ్ళు వదిలేదాకా తిరిగి రాదు. కరువొస్తే ఆ లోటు ట్యాంకర్లతో పూడ్చాలి. కాబట్టి ఆగస్టు కిలోలీటరు, మే కిలోలీటరు ఒకే సరుకు కాదు. ఎంత వాడారన్నదానికంటే ఎప్పుడు వాడారన్నది చూసి రేటు కట్టడమే న్యాయమని నా అభిప్రాయం.

ఇది కొత్త పద్ధతేమీ కాదు. పెద్ద ఫ్యాక్టరీల కరెంటు బిల్లులో డిమాండ్ ఛార్జీ వేరు, యూనిట్ల ఛార్జీ వేరు. రద్దీ గంటల్లో యూనిట్ రేటు పెరుగుతుంది కూడా. వాళ్ళు గంటలు చూస్తారు, మనం నెలలు చూస్తే చాలు. పైపు సైజును బట్టి నెలవారీ ఛార్జీ, దాని మీద కిలోలీటరు రేటు, కాలువలు కట్టేసిన నెలల్లో ఆ రేటు మీద ఇంకొంచెం. చెరువులో మట్టి తీయించడానికీ, గట్టు నిలబెట్టడానికీ ఆ ఇంకొంచెమే అక్కరకొస్తుంది.

నీళ్ళమ్మే ప్లాంటు సంగతి వేరు. కిలోలీటరంటే యాభై టిన్నులు. టిన్ను పది రూపాయలనుకున్నా అయిదొందలు. ఫిల్టరులో కొంత పోయినా మిగిలేది తక్కువేం కాదు. ఊరి నీళ్ళే సరుకుగా అమ్ముకునేవాడికి ఇంటి రేటు ఇవ్వడం నాకు మింగుడుపడదు. హాస్టలు, ఆసుపత్రి కూడా పెద్ద వాడకందార్లే, అయినా వాటికి వ్యాపారం రేటు వేయకూడదు. మీటరు మాత్రం ఉండాల్సిందే. లీకు ఎక్కడుందో అదే చెబుతుంది.

హైదరాబాదులో 2020 డిసెంబరు నుంచి ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితంగా ఇస్తున్నారు. బస్తీల సంగతి పక్కన పెడితే, ఆ ఉచితం కావాలన్నా మీటరు బిగించుకోవాల్సిందే అన్నారు. ఊరికే ఇచ్చే నీళ్ళకే మీటరు అడిగినప్పుడు, వ్యాపారానికి వాడే నీళ్ళకు అడగడానికి మొహమాటమెందుకు?

ఈసారి గ్రామసభకి వెళ్ళినప్పుడు ఒక మాట అడగండి. మన ఊళ్ళో అంగుళం దాటిన కనెక్షన్లు ఎన్ని, వాటిలో మీటరు తిరుగుతున్నవి ఎన్ని, పోయిన మే నెలలో వాటి గుండా ఎన్ని కిలోలీటర్లు పోయాయి? జవాబు దొరికితే నాకూ ఒక ఉత్తరం ముక్క రాయండి.