కట్టె, గడ్డి, బెండు

నవంబరు 21, 2024

వరికోతలు ముగింపుకొచ్చాయి. ఇంధనానికి ఎంత పనికొస్తుందో పరీక్షించడానికి జనగామ వైపు రెండు ఊళ్లు తిరిగి గడ్డి నమూనాలు తెచ్చాను. అన్నీ కోత మిషన్ పోయిన మళ్లే. మిషన్ వెన్నుల మట్టుకు కోసుకుపోతుంది. కింద మూరెడు కొయ్యకాలు నిలబడి ఉంటుంది, నలిగిన గడ్డి వెనక చారలుగా పడుతుంది. ఒక మడివాళ్లు కట్టలు కట్టే మిషన్ కోసం ఎదురుచూస్తున్నారు. పక్క మడి అప్పటికే కాలి నల్లబడింది. ఇంకా సెగ తగులుతోంది.

గట్టు మీద కూర్చున్న రైతు అడిగాడు: "గీ గడ్డితోని పెట్రోల్ జేస్తరంట గదా మేడం?"

పెట్రోలు కాదన్నా, అందులో కలిపే ఇథనాల్ అన్నాను.

"అయితె మా బర్లేం దినాలె?"

నా దగ్గరున్న ఫారంలో తేమకు, బూడిదకు, సెల్యులోజ్‌కు గళ్లున్నాయి గానీ ఆయన ప్రశ్న రాసుకోవడానికి చోటు లేదు. రాత్రి స్కేలు పెట్టి ఇంకో గడి గీశాను. "ఇప్పుడు దీన్ని ఎవరు వాడుకుంటున్నారు?" రేపటి నుంచి ప్రతి నమూనాకూ అది నింపాలి.

నవంబరు 27

నమూనాలు పొడి చేయడానికే రోజంతా పట్టింది. నిరుటి పత్తికట్టె ఒకరి పెరట్లో దొరికితే తెచ్చాం. దాని బెరడు నార మిల్లు ఇరుసుకు తాడు పేనినట్టు చుట్టుకుపోయింది. రెండుసార్లు ఆపి కత్తెరతో కోసి తీశాం. వరిగడ్డి చుట్టుకోదు, కానీ బ్లేడు అంచును అరగదీస్తుంది. దాని ఒంటినిండా సిలికా.

సాయంత్రం ఆ సిలికాను కళ్లారా చూశాను. 575 డిగ్రీల్లో కాల్చిన మూకుళ్లను చల్లార్చి మూత తీస్తే, పత్తికట్టె ఉన్నచోట అడుగున చిటికెడు మెత్తటి బూడిద. గడ్డి మూకుట్లో, పొడి చేయకుండా పెట్టిన రెండు తునకలు గడ్డిగానే ఉన్నాయి! రంగు తెల్లబడింది, అంతే. ఈనెలు కూడా కనిపిస్తున్నాయి. చీపురు పుల్లతో తాకితే అప్పుడు రాలాయి. మండేదంతా పోయాక మిగిలిన సిలికా అస్థిపంజరమది. ఎండు గడ్డిలో ఆరో వంతు దాకా ఈ బూడిదే ఉంటుంది. పత్తికట్టెలో నూటికి ఐదు దాటడం అరుదు. టన్ను గడ్డి కొనేవాడు అందులో మండని సరుకు క్వింటాలున్నర దాకా కొంటున్నాడన్నమాట. పైగా గడ్డిలోని పొటాషియం, క్లోరిన్ బాయిలర్ గొట్టాల మీద కరిగి గడ్డకడతాయి.

నవంబరు 29

మూడో నమూనాలో బూడిద మరీ ఎక్కువ వచ్చింది. కొత్త విషయం దొరికిందని పొద్దున కాసేపు సంబరపడ్డాను. తరవాత సంచి దులిపితే మట్టి రాలింది. ఆ మడిలో పళ్లగొర్రుతో గోకి ఎత్తాం. తప్పు నాదే. మళ్లీ వెళ్లి చేత్తో ఏరి తేవాలి. కానీ ఒకటి నేర్చుకున్నాను. ఫ్యాక్టరీకి గడ్డి చేత్తో ఏరి ఎవరూ పంపరు, గొర్రుతో గోకిందే వెళ్తుంది. అందుకని రెండు లెక్కలూ రాయాలి, గడ్డి బూడిద వేరు, మట్టితో వచ్చే గడ్డి బూడిద వేరు.

డిసెంబరు 9

టన్ను సెల్యులోజ్ మొత్తం చక్కెరై, ఆ చక్కెర మొత్తం ఇథనాల్ అయితే దాదాపు 720 లీటర్లు రావాలి. గడ్డిలో సెల్యులోజ్ మూడో వంతుకు కాస్త పైన, అంటే టన్ను గడ్డికి 250 లీటర్లు. 2022 ఆగస్టు 10న ప్రధాని జాతికి అంకితం చేసిన పానిపట్ ఇండియన్ ఆయిల్ ఇథనాల్ ప్లాంటుకు ప్రకటించిన లెక్క ఏటా 2 లక్షల టన్నుల గడ్డి, 3 కోట్ల లీటర్లు. టన్నుకు 150. కాగితం మీది మిగతా వంద ఎక్కడ పోయాయి? సెల్యులోజ్ చుట్టూ లిగ్నిన్ గార వేసినట్టు పట్టి ఉంటుంది. ఆవిరితో, ఆమ్లంతో ఎంత విప్పినా కొంత విప్పుకోదు. హెమిసెల్యులోజ్ నుంచి ఇంకో చక్కెర, జైలోజ్, వస్తుంది గానీ మామూలు ఈస్టుకు దాన్ని పులియబెట్టడం రాదు.

ఇంతకన్నా ముఖ్యమైన తేడా ప్రయోగశాల బయట ఉంది. పంజాబ్, హర్యానాల్లో పశువులకు గోధుమ గడ్డి వేస్తారు. మామూలు వరిగడ్డిని పెద్దగా మేపరు. కోతకూ గోధుమ విత్తుకూ మధ్య రెండు మూడు వారాలే దొరుకుతాయి కాబట్టి తగలబెడతారు. మన దగ్గర వరిగడ్డే పశువు తిండి. గడ్డి ఒకటే అయినా పానిపట్ లెక్కను జనగామకు దించుకోలేం.

డిసెంబరు 18

విడి గడ్డి ట్రాక్టరు వేబ్రిడ్జి ఎక్కింది. చూడటానికి కొండ, తూకంలో టన్ను కూడా లేదు. డీజిలు కాల్చి గాలిని మోస్తున్నాం. కట్టలు కట్టకుండా పది కిలోమీటర్లు దాటించడం దండగ.

మక్క బెండ్లు (గింజలు ఒలిచిన మొక్కజొన్న కంకులు) మాత్రం అన్ని పరీక్షల్లోనూ ముందున్నాయి. బూడిద తక్కువ, ఒకేచోట కుప్పగా దొరుకుతాయి. సంచి నింపుతుంటే ఇంటి అవ్వ వచ్చి నా పక్కన కూర్చుంది.

"అన్ని బెండ్లు మీరే కొంచవోతె మా నీళ్ల పొయ్యిల ఏం వెట్టాలె బిడ్డా?"

సంచి సగం చేసి తెచ్చాను. గడిలో "పొయ్యి" అని రాశాను.

జనవరి 23, 2025

పత్తి చేలు. ఏరడం అయిపోయింది, కట్టె నిలబడి ఉంది. ఒక మొక్క పీకి ఎండిన కాయ చిదిమితే లోపల గులాబీ రంగు పురుగు ముడుచుకుని పడుకుని ఉంది, బియ్యపు గింజకన్నా కాస్త పొడవు. కట్టె చేలో ఉన్నంతకాలం అది వచ్చే పంట కోసం కాచుకుని ఉంటుంది. అందుకే పంట అయిపోగానే కట్టె తీసేయమని వ్యవసాయ శాఖ ఏటా మొత్తుకుంటుంది. పత్తికట్టెను పశువు తినదు. పొయ్యికి కొంత పోతుంది, మిగతాది గట్టున కుప్పేసి అంటిస్తారు. ఆ మిగతాదానికి నా గడిలో రాయడానికి పేరు లేదు.

కేలరీమీటరులో పత్తికట్టెకు కిలోకు 4,000 కిలోకేలరీల చుట్టూ వచ్చింది, వరిగడ్డి 3,500 దగ్గర ఆగింది. ఇథనాల్‌కు పత్తికట్టె మొండిది, లిగ్నిన్ ఎక్కువ. అదే లిగ్నిన్ ఇంధన గుళికలు నొక్కేటప్పుడు జిగురై పట్టుకుంటుంది.

ఫిబ్రవరి 6

నివేదిక ముందుమాటకు దేశం లెక్క కావాలన్నారు. కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ చేయించిన అధ్యయనం ప్రకారం బయోమాస్ ఏటా సుమారు 75 కోట్ల టన్నులు, అందులో మిగులు 23 కోట్లు. ముసాయిదాలో ఎవరో 75 అంకె వాడి, దాన్ని "వ్యర్థం" అని రాశారు. కొట్టేశాను. మిగులు పోను మిగతా 52 కోట్లకు మేత, పొయ్యి, ఎరువు అన్న హక్కుదారులున్నారు. టన్ను గడ్డిలో పాతిక కిలోల దాకా పొటాష్ ఉంటుంది, అది పొలం సొమ్ము.

నా సిఫార్సు ఇది. మొదట పత్తికట్టె తీసుకోవాలి, ఊరి దగ్గరే చిప్స్ కొట్టి గుళికలు చేయాలి. వరిగడ్డిలో తగలబెట్టే మళ్లది మాత్రమే లెక్కలోకి రావాలి, అదీ కొయ్యకాలు పొలానికి వదిలేశాక. మక్క బెండ్లు వద్దు.

సంతకం చేసి పంపాను. ఈ నెల దాటితే చేలల్లో కట్టె ఉండదు, కాబట్టి తీసుకునేవాళ్లు ఇప్పుడే రావాలి.