గుడివాడ నుంచి నాగాయలంక దాకా: చెరువులు దాటితే మడ అడవి

బయోమ్ అనగానే నాకు స్కూలు పుస్తకంలోని రంగుల మ్యాపే గుర్తొస్తుంది. అమెజాన్‌కి ముదురాకుపచ్చ, సహారాకి పసుపు, సైబీరియాకి ఇంకేదో రంగు. వానని, ఎండని, నేలని బట్టి ఒకే తీరు చెట్టూచేమా పెరిగే పెద్ద ప్రాంతం బయోమ్ అని బట్టీపట్టి పరీక్ష రాసేశాం. ఆ మ్యాప్‌లో మనూరు కూడా ఉంటుందని ఎప్పుడూ అనిపించలేదు.

2001లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ సైంటిస్టులు ప్రపంచంలోని నేలనంతా 14 బయోములుగా విడగొట్టారు. అందులో ఒకటి మడ అడవులు. దాని కింద ‘గోదావరి–కృష్ణా మడ అడవులు’ అని విడిగా ఒక పేరుంది. అంటే గుడివాడలో మా ఇంటి నుంచి బండి మీద పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరిపోయే చోటు! అమెజాన్ తగలబడుతోందని స్టేటస్ పెట్టినవాణ్ణి, దీన్ని ఒక్కసారీ చూడలేదు. మొన్న సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు బండి తీశా.

గుడివాడ దాటగానే కనిపించేది చెరువులే. గట్టు పక్కన గట్టు, నీళ్లు చిలికే ఏరేటర్లు, మేత బస్తాల లారీలు. అందులో ఒక చెరువు మాది. ఒకప్పుడు రెండెకరాల వరి. పక్కవాళ్లు చెరువు తవ్వారు, ఊట మా చేలోకి దిగింది. రెండు పంటలు పాడయ్యాక నాన్న కూడా చెరువుకే లీజుకిచ్చేశారు. నా ఇంజినీరింగ్ ఫీజు కట్టింది ఆ లీజు డబ్బుతోనే. కాబట్టి చెరువుల్ని తిట్టే హక్కు నాకు పూర్తిగా లేదు.

ఆ మాటకొస్తే వరిచేను మాత్రం ప్రకృతి ఇచ్చిందా? బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. కాలువలు పారాకే ఇది మనకి తెలిసిన డెల్టా అయింది. మనం ‘పచ్చటి పల్లె’ అని ఫొటోలు తీసుకునేదంతా మనిషి చేతి పనే. తేడా ఒక్కటే, వరిచేలో మళ్లీ వరి వేసుకోవచ్చు. ఉప్పు దిగిన నేలలో అంత తేలిక కాదు.

బందరులో ఆగి లడ్డూ కొనుక్కుని మంగినపూడి బీచ్‌కి వెళ్లా. ఈ ఊరికి సముద్రం చేసిన గాయం పాతది. 1864 నవంబర్ 1న ఉప్పెన వచ్చి దాదాపు 30 వేల మంది పోయారు. ఇప్పుడు కొత్త పోర్టు కడుతున్నారు, 2023 మేలో పనులు మొదలయ్యాయి. తీరం వెంట సరుగుడు తోటలు కనిపిస్తే అదే మడ అడవి అనుకునేరు. సరుగుడు మనం ఇసుకలో నాటింది. మడ బురదలో, నది ఉప్పునీళ్లతో కలిసే చోట దానంతటది పెరిగేది.

బందరు నుంచి చల్లపల్లి, మోపిదేవి మీదుగా పులిగడ్డ. ఇక్కడ కృష్ణ చీలిపోతుంది. నదిపాయ మీదుగా కాలువ నీళ్లని దివిసీమకి మోసుకెళ్లే అక్విడక్ట్ కూడా ఇక్కడే. అవనిగడ్డ దాటాక చేలల్లో కోసిన వరి మోళ్ల మధ్య మినుము పచ్చగా ఉంది. నాగాయలంక చేరేసరికి మళ్లీ చెరువులు, ఈసారి రొయ్యలవి.

పడవ నడిపే బాబాయ్‌కి అరవై దగ్గర పడి ఉంటాయి. పాయలోకి మలుపు తిరగ్గానే రెండు పక్కలా మడ మొదలైంది. నీరు తీసే వేళ కాబట్టి బురదలోంచి వేళ్లు పైకి పొడుచుకొచ్చి కనిపించాయి, వందలకొద్దీ పెన్సిళ్లు గుచ్చినట్టు. ఆ బురదలో గాలి ఆడదు, అందుకే చెట్టు ఊపిరి కోసం వేళ్లని పైకి పంపుతుంది. బాబాయ్ ఒక తెల్లమడ ఆకు తెంపి ఇచ్చాడు. “నాకి చూడు బాబూ.” ఉప్పు! పీల్చిన ఉప్పుని ఆకు మీదుగా బయటికి నెట్టేస్తుందిట. “ఆ తిల్ల చెట్టు జోలికి మాత్రం పోమాక. పాలు కంట్లో పడితే కళ్లు పోతాయి.”

1977 నవంబర్ 19 గురించి నేనే అడిగా. అప్పటికి ఆయనకి పదేళ్లు. ఐదారు మీటర్ల ఎత్తున ఉప్పెన వచ్చి, సర్కారు లెక్కల్లోనే సుమారు 10 వేల మందిని తీసుకుపోయిన రోజు. “మడ ఉన్నకాడ నీరు ఆగలేదు బాబూ. ఇసురు మాత్రం తగ్గింది,” అన్నాడు. అంతకన్నా ఎక్కువ చెప్పలేదు. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్ మీద 2009లో వచ్చిన ఒక అధ్యయనం కూడా దాదాపు ఇదే తేల్చింది. కేంద్రపాడలో, సముద్రానికీ ఊరికీ మధ్య మడ వెడల్పుగా ఉన్న ఊళ్లలో చావులు తక్కువ.

మరి ఆ మడ ఎందుకు తగ్గింది? ఒకప్పుడు కట్టె కోసం వరసగా నరికేశారు. ఎండ తగిలి నేలలో ఉప్పు పేరుకుపోయింది, మళ్లీ మొలక రాలేదు. 90ల్లో టైగర్ రొయ్య వచ్చింది. థాయ్‌లాండ్, ఈక్వెడార్ తీరాల్లో జరిగిందే ఇక్కడా జరిగింది. తెల్లమచ్చల వైరస్ చెరువుల్ని తుడిచిపెట్టింది. తీర నియంత్రణ జోన్‌లో రొయ్యల చెరువులు కుదరవని 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2009 తర్వాత వనామీ వచ్చాక సాగు మళ్లీ పుంజుకుంది. ఇంకో దెబ్బ కంటికి కనిపించదు. పైన కట్టిన డ్యాముల్లో ఒండ్రు ఆగిపోతోంది. ఒండ్రు రాకపోతే డెల్టా పెరగదు, సముద్రం కోసుకుపోతుంది.

మిగిలిన మడలో చాలా భాగం కృష్ణా అభయారణ్యంలో ఉంది. చేపలు పట్టి తినే నీటిపిల్లి ఉండేది ఇక్కడే. చచ్చిన నేలని కొంతవరకు బతికించారు కూడా. ఎం.ఎస్. స్వామినాథన్ ఫౌండేషన్, అటవీశాఖ, ఊళ్లలో జనం కలిసి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. పెద్ద కాలువకి రెండు వైపులా ఏటవాలుగా చిన్న కాలువలు. వాటిలోంచి పోటునీరు లోపలికొచ్చి, పోతూ పోతూ ఉప్పు కడుక్కుపోతుంది. అప్పుడు మడ నాటితే బతుకుతుంది.

తిరిగొచ్చేదారిలో ఒకటే ఆలోచన. మా లీజు ఈ వేసవితో అయిపోతుంది. రాత్రి అన్నం తింటూ నాన్నని అడిగా, మళ్లీ వరి వేద్దామా అని.

“చుట్టూ చెరువులు పెట్టుకుని మధ్యలో మనొక్కళ్లం వరేస్తే నిలుస్తుందేంట్రా?”

నిజమే. నేల మారిపోయింది ఒక్కో గట్టు చొప్పున, ఎవరి అవసరం కొద్దీ వాళ్లు. వెనక్కి రావాలంటే మాత్రం గట్టు పక్కవాళ్లంతా ఒక మాట మీదికి రావాలి. నాగాయలంక వైపు కాలువలు తవ్వినవాళ్లు అలాగే చేశారు. ఉగాదికి మళ్లీ వెళ్తున్నా. ఈసారి నాన్నతో పాటు మా పక్క చెరువు బాబాయ్‌ని కూడా ఆ పడవెక్కిద్దామని ఉంది.