పాతాళగంగకు నాడి పరీక్ష

2021 నవంబరు. తిరుపతిలో కుండపోత వానలు. ఆ రోజుల్లోనే శ్రీకృష్ణానగర్‌లోని ఓ ఇంట్లో, భూమిలో ఉండాల్సిన సిమెంటు ఒరల సంపు నేలను చీల్చుకుని నిలువునా పైకి లేచింది! లోపలికి దిగి శుభ్రం చేస్తున్న ఇల్లాలు నిచ్చెన సాయంతో బయటపడ్డారు. ఇందులో మాయేమీ లేదు. నానిన నేలలోని నీరు సంపును కింది నుంచి పైకి నెడుతూ ఉంటుంది. సంపు నిండుగా ఉంటే ఆ బరువుకు కదలదు. ఖాళీ అయిందా... చెరువులో వేసిన ఖాళీ బిందెలా తేలిపోతుంది.

నేల కింద నీటి ఒత్తిడి ఎంత బలమైందో తిరుపతి అలా చూసింది. ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాలది మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకమైన కథ.

గంగ పడితేనే బతుకు

పలమనేరు, పుంగనూరు, కుప్పం... ఎటు చూసినా రాతి గుట్టలు, వాటి నడుమ చెరువులు, టమోటా, మల్బరీ తోటలు. ఏడాది పొడవునా పారే నది లేదు. చాలామందికి బోరే దిక్కు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని పాయింటు చూసేవాళ్లూ, వెయ్యి అడుగులు దాటినా గంగ పడక అప్పులపాలైన రైతులూ ఈ ప్రాంతానికి కొత్త కాదు. కింద ఉన్నదంతా గట్టి రాయి. ఆ లోతున నీరు దొరికేది రాతి పగుళ్లలోనే. ఒకే పగులు మీద రెండు బోర్లు పడితే ఒకరు తోడుతుంటే రెండోవారి బోరు ఎండుతుంది.

మరి లోపల ఎంత నీరుందో తెలిసేదెలా? అందుకే భూగర్భ జలశాఖ పీజోమీటర్లు వేసింది. ఇవి నీళ్లు తోడే బోర్లు కావు, నీటిమట్టం చూసే బోర్లు. లోపల వేలాడే సెన్సరు తన మీద ఉన్న నీటి ఒత్తిడిని కొలుస్తుంది. పది మీటర్ల నీరు నిలిచి ఉంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు కిలో ఒత్తిడి. ఆ లెక్కతో మట్టం తేలిపోతుంది.

గాజు తీగ కబుర్లు

చమురు బావుల్లో ఈ నాడి పట్టడం ప్రాణాలతో చెలగాటమే. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి నుంచి గ్యాసు తన్నుకొచ్చి అంటుకుంది. ఆ మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. లోపలి ఒత్తిడి అదుపు తప్పితే ఏమవుతుందో రాష్ట్రమంతా కళ్లారా చూసింది.

ఇప్పుడు ప్రపంచంలో చాలా చమురు బావుల్లోకి వెంట్రుకంత సన్నని ఆప్టికల్ ఫైబరు దించుతున్నారు. పైనుంచి లేజరు కాంతిని వదిలితే దారి పొడవునా అందులో కొద్దికొద్దిగా వెనక్కి వస్తుంది. కిలోమీటరు లోతుకు వెళ్లి రావడానికి పట్టేది సెకనులో లక్షో వంతే! ఎక్కడైనా గొట్టం చిల్లుపడి గ్యాసు కారితే అక్కడ చల్లబడుతుంది, సన్నని రొద పుడుతుంది. తిరిగొచ్చే కాంతిలో ఆ తేడా కనిపిస్తుంది. కాంతి ఎంతసేపటికి వచ్చిందో చూస్తే జబ్బు ఎంత లోతులో ఉందో తెలుస్తుంది. విదేశాల్లో పరిశోధకులు ఇదే తీగను నీటి బోర్లలోకీ దించి, ఏ పగులు నుంచి నీరొస్తోందో ఉష్ణోగ్రత తేడాను బట్టి పసిగడుతున్నారు.

బోర్డు మీద అంకె

అయితే కొలవడానికి ఖరీదైన యంత్రాలే అక్కర్లేదని 2000 దశకంలో ఈ జిల్లా రైతులే చూపించారు. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో చిత్తూరు సహా ఏడు కరవు జిల్లాల్లో ఓ పథకం నడిచింది. రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం చూశారు, ఆ అంకెల్ని ఊళ్లో అందరికీ కనిపించేలా బోర్డు మీద రాశారు. రబీకి ముందు కూర్చుని ఉన్న నీరెంత, ఏ పంటకు ఎంత కావాలి అని లెక్కలు వేసుకున్నారు.

తీగైనా, సెన్సరైనా నీటిని పుట్టించలేవు. ఉన్నదెంతో చెప్పగలవు, అంతే. ఆ మాట విని వరి మడి తగ్గించి వేరుసెనగ వేసుకుంటే ఇంకో బోరు, దానికోసం ఇంకో అప్పు తప్పుతాయి.