ఏ శ్రుతి కింద ఎవరి గొంతు?

గురుత్వ తరంగాల గురించి ఎవరు రాసినా బ్లాక్ హోల్స్ దగ్గర మొదలుపెడతారు. విజయవాడలో ఫిజిక్స్ పాఠాలు చెప్పుకునే నాకు మాత్రం, ఆ యంత్రాన్ని శ్రుతి చేసే పద్ధతి మీదే ధ్యాస.

అమెరికాలో హాన్‌ఫర్డ్, లివింగ్‌స్టన్‌లలోని లైగో యంత్రాలకు 4 కిలోమీటర్ల చేతులు రెండేసి. 2015 సెప్టెంబరు 14న తొలి తరంగం తాకినప్పుడు ఆ పొడవులో వచ్చిన తేడా, ప్రోటాన్ వ్యాసాన్ని కొన్ని వందల భాగాలు చేస్తే అందులో ఒకటి. ఇంత చిన్న కదలికను కొలిచానంటే నమ్మేదెలా? చివర వేలాడే 40 కిలోల అద్దాన్ని ఇంకో లేజర్ వెలుగుతో లయగా నెడతారు. ఎంత నెట్టారో తెలుసు కాబట్టి యంత్రం చెప్పేది సరిచూసుకోవచ్చు. దాని స్వభావం మారుతూంటుంది గనక, ఈ తెలిసిన స్వరాలు పరిశీలన జరుగుతున్నంతసేపూ మోగుతూనే ఉంటాయి.

చిక్కు ఇక్కడే. స్వరం మోగే చోట ఇంకెవరి గొంతూ వినబడదు. మరి ఏ ఫ్రీక్వెన్సీ ఎంచుకోవాలి? అద్దాన్ని కదిపే బలం తెలియడానికి కింది స్వరం, చేతుల్లో కాంతి నిలిచే తీరు తెలియడానికి మధ్య స్వరం కావాలి. పైకి వెళ్లేకొద్దీ అద్దం మొరాయిస్తుంది, ఎక్కువ వెలుగు ఖర్చవుతుంది. అక్కడి కరెంటు హోరు 60 హెర్ట్జ్, దాని గుణిజాలు తప్పించాలి. అద్దాన్ని మోసే గాజు తీగలు 500 ప్రాంతంలో తామే పాడతాయి. ఇంకా పల్సార్ల జాబితా ముందు పెట్టుకోవాలి. గిరగిరా తిరిగే ఆ నక్షత్రాలు తరంగాలు పంపితే, ముఖ్యంగా తిరిగే వేగానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీలో పంపుతాయి. ఆ చోట మనం కూర్చోకూడదు. 2015లో హాన్‌ఫర్డ్‌ 36.7, 331.9, 1083.7 ఎంచుకుంది. లివింగ్‌స్టన్‌ 34.7, 331.3, 1083.1. వేరువేరు గనక ఒకచోట మూతపడింది రెండోచోట వినబడుతుంది.

మన కొలత ఎవరి నోరు మూస్తుందో ముందే జాబితా తీసి చూసుకునే ఈ మర్యాద, మనుషుల మధ్య నాకు తక్కువగానే ఎదురైంది.

1996 వేసవిలో డిగ్రీ ప్రాక్టికల్ పరీక్ష. సోనామీటరుతో కరెంటు ఫ్రీక్వెన్సీ కనుక్కోవాలి. ముందుగా 256 శ్రుతిదండంతో తీగ లెక్క సరిచూసుకుని, అయస్కాంతం మధ్య కరెంటు పంపాను. కాగితం ముక్క ఎగిరిపడింది. లెక్కకట్టితే 48.6. "స్టాండర్డ్ వాల్యూ 50 కదమ్మా, దిద్దు" అన్నారు ఎగ్జామినర్. దిద్దలేదు, మార్కులు పోయాయి. పక్క బల్లలన్నిటి మీదా 50 వచ్చింది. ఆ రోజుల్లో లోడు పెరిగితే దక్షిణ గ్రిడ్ 49 కిందికి జారడం మామూలే. 2003లో కొత్త టారిఫ్ విధానం వచ్చాక గానీ కుదుటపడలేదు. ఆ తీగతో ఒకటి రెండు శాతం తేడా రావచ్చు, నా 48.6 పరమసత్యమని పట్టుబట్టను. సరిచూసుకున్న తీగ మాటని వినాలి కదా అంటున్నాను. అదే తెలిసిన అంకెతో తీగని పరీక్షించవచ్చు, తీగ చెప్పినదాన్ని చెరిపేయనూ వచ్చు.

జోసెలిన్ బెల్ చెరపనివ్వలేదు. 1967లో కేంబ్రిడ్జ్‌లో, గజాలకొద్దీ కాగితం మీద చిన్న గజిబిజి గీత ఆమె కంటబడింది. మనుషులు పుట్టించిన గోలేనేమో అన్న అనుమానం వచ్చినా వదల్లేదు. అదే తొలి పల్సార్. 1974లో నోబెల్ ఆమె గైడుకి వెళ్లింది. ఈనాడు కాలిబ్రేషన్ స్వరాలు దారివ్వాల్సిన ఆ జాబితా ఆమె గీతతోనే మొదలైంది.

ఈ మాట మా డెల్టా వాళ్లం ఇంకాస్త గట్టిగా వినాలి. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ల మాటే ప్రామాణిక తెలుగైంది. పాఠ్యపుస్తకాల్లో, రేడియోలో మా స్వరమే మోగింది. దాని కింద తెలంగాణ ఆడవాళ్ల నుడి, దళిత వాడల నుడి "యాస" అయిపోయాయి. ఆ స్వరాన్ని అక్కడ పెట్టేముందు ఏ జాబితా చూశాం?

మహారాష్ట్రలో హింగోలి జిల్లా ఔంధా దగ్గర కట్టే లైగో-ఇండియాకి 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. క్రాబ్ పల్సార్ నుంచి తరంగం వస్తే 59 హెర్ట్జ్ దాపుల్లో రావాలి. అమెరికాలో అది కరెంటు హోరుకి ఆనుకునే ఉంటుంది. మన కరెంటు 50 గనక ఇక్కడ దానికి కాస్త చోటు దొరుకుతుంది. మన 50 కింద మునిగిపోయే నక్షత్రం ఏదైనా ఉంటే, దాన్ని వాళ్లు వినాలి.