అవనిగడ్డలో రెండు దినములు

గడచిన మాఘమాసమున రెండు దినములు తీరిక దొరకగా మేము బందరునుండి అవనిగడ్డకు బోయి వచ్చితిమి. దేవతాదర్శనము మా ప్రయాణమునకు నెపము మాత్రమే. నిజమైన కార్యము వేఱొకటి కలదు. మా యన్నగారి కుమార్తె విజయవాడలో నొక వ్యాపారసంస్థయందు మార్కెటింగు ఉద్యోగము చేయుచున్నది. పగలెల్ల ఊళ్లు తిరిగి సంస్థవారి సరకులనుగూర్చి చెప్పుటయు, రాత్రి భోజనానంతరము సెల్‌ఫోనులో తాను చూచిన గ్రామములనుగూర్చియు, అచ్చటి వంటకములనుగూర్చియు వ్యాసములు వ్రాయుటయు ఆ పిల్ల దినచర్య. ఆ వ్యాసములకు చదువరులు పెరిగిరి. రెండు పత్రికలవారు పారితోషికము సైతము పంపిరి. అంతట నమ్మాయికి ఉద్యోగము మాని రచననే జీవనాధారముగా జేసికొనవలెనను కోరిక పుట్టినది. రాజీనామా పత్రము వ్రాసి సంచిలో బెట్టుకొని తిరుగుచున్నదని తెలిసి మా వదినెగారు కన్నీరు పెట్టుకొనిరి. “నీ మాట యది వినును. నీతో దీసికొనిపోయి, ఆ వ్రాతల పిచ్చి మాన్పించి తీసికొనిరా” అని మా యన్నగారు మాతో ననిరి. మేమును సరే యంటిమి.

బందరులో బస్సెక్కి చల్లపల్లి చేరునప్పటికి ప్రొద్దు బారెడెక్కినది. దారికిరువైపులను వరికోతలైన మళ్లలో మినుపచేలు పచ్చగా బరచుకొని యున్నవి. అమ్మాయి కిటికీ ప్రక్కన గూర్చుండి యేమో వ్రాసికొనుచుండెను. మేము చెప్పవలసిన మాటలను లోలోపల వరుసగా బేర్చుకొనుచుంటిమి. మోపిదేవిలో దిగి సుబ్రహ్మణ్యేశ్వరస్వామిని సేవించితిమి. సంతానము గోరువారును, బిడ్డలకు చెవులు కుట్టింప వచ్చినవారును నాలయమంతట నిండియుండిరి. దర్శనమైన పిమ్మట నాటోలో పెదకళ్లేపల్లికి బోయితిమి. కృష్ణవేణి యొడ్డున నాగేశ్వరస్వామి వెలసిన యీ గ్రామమును దక్షిణకాశి యందురు. మాఘ బహుళములో శివరాత్రికి నిచ్చట గొప్ప తిరునాళ్ల జరుగును. అయినను మమ్మా యూరికి రప్పించినది స్వామియొక్క మహిమ మాత్రమే కాదు, ఆ యూర బుట్టిన వేటూరివారి కథయు.

వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1888లో నీ గ్రామమున జన్మించిరి. బందరులో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారియొద్ద చదువుకొనిరి. ఆ గురువుగారును బందరు హిందూ హైస్కూలులో తెలుగు పండితులుగా బిల్లలకు పాఠములు చెప్పుకొనుచునే యవధానములు చేసిన మహానుభావులు. శిష్యులు మదరాసు చేరి, ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తకశాలలో నుద్యోగమునకు గుదిరి, దశాబ్దములపాటు తాళపత్రములను దులిపి, చదివి, ప్రతులు వ్రాయించిరి. జనుల నోట నిలిచియున్న చాటుపద్యములనేరి మణిమంజరిగా గూర్చినది ఆ యుద్యోగకాలముననే. ఆ మీద దిరుపతి చేరి, తాళ్లపాకవారి రాగిరేకులతో బరిశ్రమించి, 1949లో అన్నమాచార్య చరిత్రమును వెలువరించిరి. మరుసటి యేడే వారు పరమపదించిరి.

ఈ సంగతులన్నియు మేము నాగేశ్వరాలయ మండపమున గూర్చుండి యమ్మాయికి జెప్పి, “చూచితివా తల్లీ, ఉద్యోగము వారి వ్రాతకడ్డము రాలేదు” అంటిమి. గెలిచితిమనియే తలచితిమి. అమ్మాయి కొంచెము నవ్వి, “అత్తయ్యా, శాస్త్రిగారి యుద్యోగమే వారి చేతికి దాటాకుల నిచ్చినది. నా యుద్యోగము నాకేమిచ్చుచున్నది? నెలాఖరున జీతము తక్క!” అనినది. అంతటితో నూరకుండక, “ఇదే యూరి సుందరరామమూర్తిగారు ఉద్యోగము మానియే గదా పాటలకు బోయినది?” అని యడిగినది.

ఆ మాట నిజమే. వేటూరి సుందరరామమూర్తిగారు 1936లో నీ యూరనే పుట్టిరి. యౌవనమెల్ల ఆంధ్రప్రభ మొదలైన పత్రికలలో బనిచేసిరి. 1974లో ‘ఓ సీత కథ’ చిత్రముతో బాటలకు దిగునప్పటికి వారికి 38 ఏండ్లు. 1980లో వచ్చిన ‘శంకరాభరణము’తో వారి పేరు తెలుగువారింటింట వినబడినది. 1993లో వచ్చిన ‘మాతృదేవోభవ’లోని పాటకు జాతీయ పురస్కారము లభించినది. 2010లో వారు కాలధర్మము నొందిరి. అయితే పత్రికలో నున్న దినములలో వారు కలము మూసి కూర్చుండలేదు. చలనచిత్రములకు బోవుటకు బూర్వమే ‘సిరికాకొలను చిన్నది’ యను సంగీతనాటకమును వ్రాసి యుండిరి. మేమీ మాట జెప్పగా నమ్మాయి యాలోచించుచు, “అయితే వారు మానినది తప్పా, ఒప్పా?” అనినది. మాకు సమాధానము దోచలేదు. ఒకే యూరి నొకే వంశమువా రిరువురు. ఒకరు ఉద్యోగములోనే పని సాధించిరి. ఒకరు విడిచి సాధించిరి. మేము బందరులో బేర్చుకొని వచ్చిన మాటలలో సగమచ్చటనే చెల్లిపోయినవి.

సాయంకాలమునకు బులిగడ్డ దాటి అవనిగడ్డ చేరితిమి. కృష్ణ పులిగడ్డకడ రెండు పాయలై, నడుమ దివిసీమను దీవిగా జేసి, సముద్రమునకు బోవును. నదినీరు చుట్టునున్నను సముద్రము చేరువగుటచే బైరునకు బనికివచ్చు తీయని నీరు కాలువవలననే రావలెను. 1855లో బెజవాడకడ ఆనకట్ట ముగిసిన తరువాత డెల్టాకు గాలువ లేర్పడినవి. ఇప్పుడా పని 1957లో బూర్తియైన ప్రకాశము బారేజి చేయుచున్నది. ఆ కాలువనీటిని నదిపాయ మీదుగా వంతెనవలె దాటించి దివిసీమకు జేర్చునదే పులిగడ్డ ఆక్విడక్టు. క్రింద నది, పైన కాలువ! ఒక నీటిపై నింకొక నీరు పోవుట జూచి యమ్మాయి చాలసేపు మాటాడలేదు.

ఆ రాత్రి మా దూరపు బంధువుల యింట బసచేసితిమి. వారింట వంటకు సాయము చేయుచున్న వృద్ధురాలు సొర్లగొంది వైపు మనిషి. 1977 నవంబరు 19వ తేదీ యుప్పెనలో నత్తవారిని, ఇద్దరు బిడ్డలను బోగొట్టుకొని, ఎచ్చటనో తుమ్మచెట్టు పట్టుకొని బ్రతికినది. ఆ కార్తీకమాసపు సముద్రము వేలమందిని మ్రింగినదని మన మందఱము వినియే యున్నాము. మేమును పరామర్శగా నా దినమునుగూర్చి యడుగబోతిమి. అమ్మాయి మా చేయి మెల్లగా నొక్కి యాపి, ఆమె ప్రక్కన జేరి చిక్కుడుకాయల యీనెలు తీయుచు, “మామ్మా, ఉప్పెనకు ముందు మీ యూర నాట్లకు బోవునప్పుడు ఏమి పాడుకొనెడివారు? పొలమునకు సద్ది యేమి కట్టుకొనెడివారు?” అని యడిగినది.

ముసలామె చేతిలోని కాయ క్రింద బెట్టి, అమ్మాయి ముఖమువంక జూచినది. “ఏటేట కార్తీకమాసంలో ఎవరో ఒకరు వచ్చి ఉప్పెన సంగతి అడుగుతారమ్మా. మా పాటలు ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు” అనినది. పిమ్మట బాడినది. ఒకటి కాదు, ఏడు పాటలు. నడుమ నడుమ, ఈ చరణము మా యత్త పాడెడిది, ఇది మా తోడికోడలు కట్టినది యని చెప్పుచు బాడినది. చచ్చిపోయినవారందఱును నా వంటయింటిలో నాట్లు వేయుచున్నట్లు తోచి మాకు గన్నుల నీరు తిరిగినది. అమ్మాయి ఫోనులో చార్జి యయిపోయినది. సంచి వెదకి యొక కాగితము దీసి దాని వెనుక వైపున వ్రాసికొనసాగినది. దీపపు వెలుతురున మేము చూచితిమి. అది రాజీనామా పత్రము.

పండుకొనబోవుచు, “అట్లడుగుట నెచ్చట నేర్చితివే?” యని మేము ప్రశ్నించితిమి. కొంతసేపటికి నమ్మాయి, “ఉద్యోగములోనే, అత్తయ్యా. మొదట సరకు సంగతి యెత్తినచో నే యిల్లాలును మాటాడదు. అరుగు మీద గూర్చుండి, చేతిపని యందుకొని, వా రడుగబడని దానిని నడుగవలెను. మూడేండ్లు ఊళ్లు తిరిగి నేర్చుకొన్న పని యది” అనినది. అని తానే లేచి కూర్చుండినది. మండపమున మమ్మడిగిన ప్రశ్నకు దన నోటనే సమాధానము వచ్చినట్లు మాకు దోచినది. శాస్త్రిగారికి బుస్తకశాల తాటాకులిచ్చినది. దీనికి దిరుగుడు ఊళ్ల నిచ్చినది. కాని మాకును నా రాత్రియే యొక విషయము తెలిసినది. ఈ పిల్ల వ్రాత మాన్పించినచో నా యేడు పాటలును ఆ ముసలామెతోనే పోవును. అట్టి పనికా మేము సరే యని వచ్చినది?

మరునాడు తిరుగుదారిలో శ్రీకాకుళాంధ్రమహావిష్ణువును సేవించితిమి. కళింగ దండయాత్రకు వెడలిన కృష్ణదేవరాయ లీ స్వామి సన్నిధిని హరివాసరముపవసించినపుడు, స్వప్నమున స్వామి సాక్షాత్కరించి, ఆముక్తమాల్యదను దెలుగున రచింపుమని యానతిచ్చెనట. రాజునకు రాజ్యము నుద్యోగమే గదా! దానిని విడిచి వ్రాయుమని స్వామి చెప్పలేదు. అది తీఱినపిమ్మట వ్రాయుమనియు జెప్పలేదు. ఈ స్వామినే నిందాస్తుతిగా శతకము చెప్పిన కాసుల పురుషోత్తమకవి దివిసీమ పెదప్రోలువాడు, చల్లపల్లి సంస్థానము నాశ్రయించినవాడు. కవికి గూడు పెట్టుచేయి యొకటి యెప్పుడును వలయును. నాడది రాజుగారిది. నేడు నెలజీతము.

ఆడువారి కింకొక చిక్కు కలదు. మగవాని కుద్యోగము, రచన యను రెండే. ఆడుదానికి వానిపై నిల్లు మూడవది. భండారు అచ్చమాంబగారు బడికి బోకయే తమ్మునితో గూర్చుండి చదువు నేర్చి, సంసారము చేసికొనుచునే ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ వ్రాసిరి. 1902లో మన బందరున స్త్రీసమాజము స్థాపించుటలో ముఖ్యురాలైరి. 1905లోనే, ముప్పదియొక్కటవ యేట గాబోలు, ఆ తల్లి గతించినది. ఎంత తక్కువ కాలము! మన యిండ్లలో వ్రాయు పిల్లకు వెలితి ప్రతిభ కాదు, కాలము.

బందరు చేరి మేము మా యన్నగారితో నిట్లంటిమి. “అన్నయ్యా, నీవు మాన్పింపుమన్న పనిని మేము మాన్పింపలేదు, మాన్పింపము. ఒక యేటి కుటుంబవ్యయము తన పేర బ్యాంకులో నిలుచువఱకు నుద్యోగము విడువనని పిల్ల యొప్పుకొన్నది. నీవు నొకటొప్పుకొనవలెను. ఆదివార ముదయము దానికి వంటయింటిపని చెప్పరాదు, పెండ్లిచూపులు పెట్టరాదు. అది దాని వ్రాతకు వదలవలెను.” వదినెగారు కొంత గొణిగిరి. మా యన్నగారు చాలసేపూరకుండి, “పెండ్లివారు ఆదివారమే గదా వత్తురు?” అనిరి. “సాయంకాలము రమ్మనవచ్చును” అంటిమి.

సోదరీమణులారా, ఆ యొప్పందము నేటికి మూడు మాసములుగా సాగుచున్నది. రెండు ఆదివారములు చుట్టాలవలన దప్పినవి. తక్కినవి దక్కినవి. రాజీనామా పత్రము మా పెట్టెలోనే యున్నది. దాని ముందు వైపున తేదీ యింకను వేయలేదు. వెనుక వైపున నేడు పాటలున్నవి. వానిలో నారింటికి బాఠము సరిచూచుట ముగిసినది. ఏడవదానికై మరల నొకమాఱు అవనిగడ్డకు బోవలసి యున్నది.