అవ్వ మిద్దె మీద అంతరిక్షం

తెల్లవారి రైలు దిగేసరికి ఆదోని అప్పటికే లేచి కూర్చుంది. కొండల మీద పాతకోట, కొండ కింద పత్తి బోరాల లారీలు, నడుమ టీకొట్టు దగ్గర కొత్త సినిమా గురించి గొంతులు చించుకుంటున్న కుర్రాళ్ళు! నేను వచ్చింది కోట చూడ్డానికి కాదు, పత్తి బేరానికీ కాదు. ఒక హాలు చూడ్డానికి. అది సినిమాహాలు మాత్రం కాదు లెండి!

తెలిసిన తమ్ముడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, మా మేడమీది హాలు 'కల్కి' సినిమా మాదిరి చేయించల్లనుకుంటున్నా. సెట్టింగులు చూసినోడివి, ఒకసారి వచ్చి చెప్పిపో" అన్నాడు. 2024లో నాగ్ అశ్విన్ తీసిన 'కల్కి 2898 ఏ.డి.' చూసినప్పటి నుంచీ అతగాడికి ఇదే ధ్యాస. నేలకి తెల్లటి మెరుపు టైల్సు, పైన ఫాల్స్ సీలింగు, అంచుల వెంట నీలం లైట్లు... లెక్కలన్నీ వేసేశాడు. సోమవారం పనివాళ్ళు దిగుతారు. నేను వెళ్ళింది శనివారం.

మెట్లెక్కి తలుపు తీశాక నాకు కాసేపు మాట రాలేదు.

నేలంతా మొజాయిక్. మధ్యలో ఎనిమిది కోణాల నక్షత్రం. దాని చుట్టూ నల్లగీతలతో కోడిగుడ్డు ఆకారంలో మూడు కక్ష్యలు, వాటి మీద ఎర్రటి చుక్కలు గ్రహాల్లా! కిటికీ కమ్మీలు అణువు బొమ్మలా వంకులు తిరిగి వున్నాయి. మూలన సన్‌మైకా అంటించిన బల్ల. దాని కాళ్ళు ఏటవాలుగా, ఇప్పుడే పైకి ఎగరబోయే రాకెట్టు కాళ్ళలా వున్నాయి.

"ఇది ఎప్పుడు కట్టారు?" అన్నాను.

తమ్ముడికి తెలీదు. వాళ్ళ అవ్వ చెప్పింది. "చంద్రుడి మీద మనిషి కాలు పెట్టిన యేడు, నాయనా. మీ తాత పేపరులో బొమ్మ చూపించి, మేస్త్రీతో 'ఇట్లాంటి నేల కావల్ల' అనె. మేస్త్రి నవ్వె. 'రేపు మనుషులంతా ఆడికే పోతారు, ఇంట్లో కొంచెం అలవాటు కావల్ల గదా' అనె!"

అంటే 1969! పత్తి వ్యాపారం చేసుకునే ఆ పెద్దమనిషి తన మిద్దె మీదికి అంతరిక్షాన్ని దించుకున్నాడన్నమాట.

దీనికి ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరు రెట్రో ఫ్యూచరిజం. మన మాటల్లో చెప్పాలంటే, నిన్నటివాళ్ళు కన్న రేపటి కల. 1957 అక్టోబరు 4న స్పుత్నిక్ ఎగిరింది. మరుసటి ఏడాదే బ్రస్సెల్సులో తొమ్మిది గోళాలతో అణువు ఆకారంలో 'ఆటోమియం' కట్టారు. 1963లో ఫిన్లాండు కళాకారుడు ఈరో ఆర్నియో బంతిని కోసినట్టుండే కుర్చీ తయారుచేశాడు. 1968లో స్టాన్లీ కుబ్రిక్ '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' తీసి, అంతరిక్ష కేంద్రంలో ఎర్రటి కుర్చీలు వేయించాడు. ఆ గాలి ఎన్ని సముద్రాలు దాటిందో గానీ ఆదోని మేస్త్రీ తాపీ దాకా వచ్చింది!

మనవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? స్పుత్నిక్ ఎగిరిన 1957లోనే, అంతకు ఆరేడు నెలల ముందు, 'మాయాబజార్' వచ్చింది. ప్రియదర్శిని పెట్టె తెరిస్తే శశిరేఖకి అభిమన్యుడు కనిపిస్తాడు. ఇవాళ మనం సెల్‌ఫోన్లో చేస్తున్నది అదే కదా! దర్శకుడు కె.వి.రెడ్డిది మన రాయలసీమలోని తాడిపత్రి. ఆయన దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు 1991లో 'ఆదిత్య 369' తీశారు. కాలయంత్రం ఎక్కిన బాలకృష్ణ ముందు కృష్ణదేవరాయల కొలువుకి వెళ్ళి, తరవాత 2504వ సంవత్సరంలో దిగుతాడు. ఆ సినిమా ఇవాళ చూస్తే, భవిష్యత్తు ఎలా వుంటుందో తెలియదు గానీ, 1991లో మనం దేనికి ముచ్చటపడ్డామో మాత్రం తెలుస్తుంది.

ఇదంతా చెబితే తమ్ముడు తల గోక్కున్నాడు. "అంటే నేను చేయించల్లనుకున్నది మా తాత అప్పుడే చేయించినాడా?"

"చేయించాడు. నువ్వు దాన్ని పగలగొట్టి మళ్ళీ చేయించబోతున్నావు."

అతను మాట్లాడకుండా నన్ను వెనక వరండాలోకి తీసుకెళ్ళాడు. అక్కడి నేల అంతకు ముందు వారమే తవ్వేశారు. ముక్కలు తట్టల్లో పోసి వున్నాయి. ఒకదాని మీద సగం చందమామ కనిపించింది. అవ్వ ఆ ముక్క తీసి కొంగుతో తుడిచి, లోపలికి పట్టుకెళ్ళింది. ఒక్క మాట కూడా అనలేదు. తిట్టివుంటే బాగుండేదనిపించింది.

మొజాయిక్ సంగతి మన కుర్రకారుకి తెలియదు. గాజు బద్దీలతో గీతలు నిలిపి, రంగు కలిపిన సిమెంటులో పాలరాతి ముక్కలు వేసి పోస్తారు. గట్టిపడ్డాక నీళ్ళు చల్లుతూ రాయితో రుద్దుతారు. టైలు పగిలితే ఇంకో టైలు కొనొచ్చు, కాని ఆ మేస్త్రి చెయ్యి ఎక్కడ కొంటాం? అయితే మాసిపోయిన మొజాయిక్‌ని మళ్ళీ రుద్దిస్తే కొత్తదానిలా మెరుస్తుంది. ఆ మాట వినగానే తమ్ముడు మేస్త్రీకి ఫోన్ చేసి పలుగులు వద్దు, పాలిష్ మిషను తెమ్మన్నాడు.

ఇక కర్టెన్లు. వాటికోసం ఎమ్మిగనూరు వెళ్ళాం. బస్సులో గంట ప్రయాణం. 1938లో మాచాని సోమప్పగారు నేతగాళ్ళ సహకార సంఘం పెట్టిన ఊరు అది. ఒక ఇంట్లో మగ్గం మీద జకార్డు వుంది. చిల్లులు పడిన అట్టలు దండలా పైన వేలాడుతూ ఒక్కొక్కటే తిరుగుతున్నాయి. ఏ చిల్లు దగ్గర ఏ నూలుపోగు లేవాలో ఆ అట్టే చెబుతుంది. ఫ్రాన్సులో జకార్డు దొర ఈ పద్ధతికి 1804లో పేటెంటు పొందాడు. ఆ అట్టలు చూసే ఇంగ్లండులో బాబేజ్ తన లెక్కల యంత్రానికి చిల్లుల అట్టలు వాడాలనుకున్నాడు. కంప్యూటరు వంశవృక్షంలో మగ్గం ముత్తాత అన్నమాట! భవిష్యత్తును వెతుక్కుంటూ మేము సరైన గడపే తొక్కాం.

తమ్ముడు సెల్‌ఫోన్లో నక్షత్రం, కక్ష్యల ఫోటో చూపించాడు. నేతాయన కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"నేస్తానప్పా. అయితే ఒక్క ఇంటికంటే గిట్టదు. అట్టలు కొట్టించల్ల, పడుగు పెట్టల్ల. నా కొడుకు బెంగళూరులో వుండాడు, మగ్గం పక్కకు రాడు. పది ఇండ్లకు సరిపోను చెప్పు, పడుగు పెడతా. లేకుంటే ఈ అట్టలు కొట్టించి ఏం చేసేది?"

తిరిగొచ్చే బస్సులో తమ్ముడు కిటికీలోంచి చూడలేదు, నీలం లైట్ల ఊసెత్తలేదు. దారి పొడుగునా ఫోన్లే. ఆదోని చేరేసరికి నాలుగిళ్ళు కుదిరాయి. ఇంకా ఆరు కావాలి.

రాత్రి రైలుకి బయలుదేరుతూ మేడమీదికి వెళ్ళాను. వరండా ముక్కని అవ్వ రేడియో గూట్లో పెట్టింది, దేవుడి పటం పక్కన. "నేల వుంచుతారంట గదా నాయనా" అంది. "మరి చంద్రుడి మీదికి ఎప్పుడు పోయేది?"

మీ ఇంట్లోనూ తాతగారి నేల వుంటే, పలుగు పట్టేముందు ఒక్కసారి తడిగుడ్డతో తుడిచి చూడండి. కింద ఏ గ్రహం వుందో ఎవరికి తెలుసు!