కాంట్రాక్టర్ రుణాలు: చెల్లించవలసిన బాకీ, నిరూపించవలసిన బాకీ

బ్రిటన్‌లో ‘కాంట్రాక్టర్’ అనే మాటకు తెలుగునాటలా రోడ్లూ భవనాలూ కట్టించే గుత్తేదారు అన్న అర్థం ఒక్కటే కాదు; ఏ సంస్థలోనూ ఉద్యోగిగా చేరకుండా, ఏజెన్సీ ద్వారా రోజుకింత అని ధర కుదుర్చుకొని కొన్ని నెలలపాటు పనిచేసే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, నర్సు, సామాజిక సేవా ఉద్యోగి వంటివారిని కూడా అక్కడ ఆ పేరుతో పిలుస్తారు. ఇలాంటివారు సొంత కంపెనీ పెట్టుకొని దాని పేరిట పనిచేస్తున్నా, ఆ పని స్వభావరీత్యా ఉద్యోగమే అయితే ఉద్యోగిలాగే పన్ను కట్టాలని ‘ఐఆర్35’ అనే నిబంధన 2000లో అమల్లోకి వచ్చింది. దాని చిక్కుల నుంచి తప్పిస్తామంటూ ముందుకొచ్చిన మధ్యవర్తి సంస్థలు ఒక కొత్త ఏర్పాటు చేశాయి. కాంట్రాక్టర్ సంపాదనలో కొద్ది భాగాన్ని జీతంగా చూపి, మిగిలినదాన్ని ఐల్ ఆఫ్ మాన్ వంటి విదేశీ పన్ను పరిధిలోని ట్రస్టుకు పంపి, ఆ ట్రస్టు చేత అదే మనిషికి ‘అప్పు’గా ఇప్పించడం ఆ ఏర్పాటులోని కిటుకు. అప్పు ఆదాయం కాదు గనుక దానిపై పన్ను ఉండదన్నది వారి వాదన, ఆ అప్పును ఎవరూ ఎన్నడూ తిరిగి అడగరన్నది వారి నోటిమాట.

ఈ వ్యాసకర్త 2012 నవంబరు నుంచి 2014 ఫిబ్రవరి వరకు, అంటే పదహారు నెలలు, అటువంటి ఏర్పాటులో ఉన్నాడు. నెలకు 6,000 పౌండ్ల బిల్లులో 1,100 జీతంగానూ, 4,000 అప్పుగానూ చేతికి రాగా, మిగిలిన 900, అనగా పదిహేను శాతం, నిర్వాహకుల రుసుముగా పోయింది. పదహారు నెలలకు అప్పు పద్దు 64,000 పౌండ్లు, రుసుము 14,400 పౌండ్లు అయ్యాయి. న్యాయవాది అభిప్రాయం ఉందని నిర్వాహకులు చెప్పారు గాని, ఆ అభిప్రాయపత్రాన్ని చదవడానికి ఇమ్మని అడగకపోవడం ఈ వ్యాసకర్త చేసిన తొలి తప్పు. సంతకం చేసిన రుణపత్రాన్ని లాంఛనంగా భావించి, దాని ప్రతిని దాచుకోకపోవడం రెండవ తప్పు. ఈ రెండవదే తరువాత ఎక్కువ బాధించింది.

ఈ రుణాలపై బ్రిటిష్ ప్రభుత్వం 2016 బడ్జెట్‌లో ‘లోన్ చార్జి’ని ప్రకటించింది. 2019 ఏప్రిల్ 5 నాటికి తీరకుండా ఉన్న ఇటువంటి రుణాలన్నిటినీ ఒక్కసారిగా ఆదాయంగా లెక్కించి పన్ను విధించే ఏర్పాటు ఇది. మొదట 1999 ఏప్రిల్ నాటి రుణాల వరకు వెనక్కి వెళ్లింది. ఈలోగా 2017 జులైలో, ఇటువంటి ట్రస్టు ఏర్పాటుకే సంబంధించిన రేంజర్స్ ఫుట్‌బాల్ క్లబ్ వ్యవహారంలో బ్రిటన్ సుప్రీంకోర్టు, పనికి ప్రతిఫలంగా ఇవ్వవలసిన సొమ్మును ట్రస్టుకు మళ్లించినంత మాత్రాన అది వేతనం కాకుండా పోదని తేల్చింది. ఈ చార్జిపై సర్ అమ్యాస్ మోర్స్ చేసిన సమీక్ష తరువాత 2019 డిసెంబరులో ప్రభుత్వం కొంత తగ్గి, 2010 డిసెంబరు 9కి ముందు తీసుకున్న రుణాలను చార్జి నుంచి తప్పించింది, పన్నును మూడు సంవత్సరాలకు పంచుకునే వీలు కల్పించింది. రిటర్నులో స్కీము సంగతి తగినంతగా వెల్లడించినా అధికారులు సకాలంలో చర్య తీసుకోని సంవత్సరాలకూ కొంతమేరకు మినహాయింపు దొరికింది. ఈ వ్యాసకర్త రుణాలు ఆ తేదీ తరువాతివి, రిటర్నులో అటువంటి వెల్లడీ లేదు. కాబట్టి 64,000 పౌండ్లను మూడేళ్లకు పంచి, నలభై శాతం రేటు చొప్పున 25,600 పౌండ్ల పన్ను కట్టక తప్పలేదు.

పన్ను విషయంలో పెద్ద తర్జనభర్జన అవసరం పడలేదు. చట్టం స్పష్టమైనది, అడిగేది రాజ్యం, సుప్రీంకోర్టు తీర్పు ఎదురుగా ఉంది; పైగా ఆ సొమ్ము నిజంగా శ్రమకు వచ్చిన ఆదాయమే గనుక పన్ను కట్టడంలో నైతికంగా అభ్యంతరం లేదు. కట్టడంలోని బాధ ఆలస్యానిదే. అసలైన మీమాంస 2019 అక్టోబరులో మొదలయింది. ట్రస్టు తన రుణాల పుస్తకాన్ని ఒక కంపెనీకి అమ్మిందనీ, ఇకపై ఆ కంపెనీయే రుణదాత అనీ, 64,000 పౌండ్లు మొత్తం చెల్లించాలనీ, ముప్పై రోజుల్లో పదిహేను శాతం, అనగా 9,600 పౌండ్లు, కడితే మిగిలినది మాఫీ చేస్తామనీ ఒక తాకీదు వచ్చింది. పన్నుల శాఖకు సొమ్ము కట్టినంత మాత్రాన రుణం రద్దు కాదు; అది రుణదాతకూ రుణగ్రహీతకూ మధ్య వ్యవహారమని ఆ శాఖే చెబుతుంది. ఒకే జీతం ఒక కార్యాలయంలో ఆదాయంగానూ, మరొక కార్యాలయంలో అప్పుగానూ నిలబడుతుంది. రెండూ పూర్తిగా కట్టవలసివస్తే, చేతికి వచ్చిన 64,000కు గాను రుసుముతో కలిపి 1,04,000 పౌండ్లు పోతాయి.

పన్ను చట్టం దీన్ని జీతమన్నది గనుక అప్పే లేదని వాదించవచ్చునని చాలామంది అనుకుంటారు. ఈ వ్యాసకర్తా మొదట అలాగే అనుకున్నాడు. అయితే రేంజర్స్ వ్యవహారంలో కింది ట్రిబ్యునల్ ఆ రుణాలు బూటకం కావనీ, న్యాయరీత్యా నిజమైన రుణాలేననీ చెప్పింది, పై కోర్టు ఆ నిర్ణయాన్ని మార్చలేదు; అందుచేత ఈ ఒక్క వాదన మీదనే బరువంతా వేయడం ప్రమాదకరం.

బలమైన వాదన కాలదోషానిది. తెలుగునాట ప్రామిసరీ నోటు రాసిన ఇళ్లవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు: మూడేళ్లు నిండకముందే నోటు తిరగరాయించుకోవడం, లేదా ఎంతో కొంత కట్టించుకొని నోటు వెనుక చెల్లు వేయించి సంతకం పెట్టించుకోవడం అక్కడ పాత ఆచారం, ఎందుకంటే 1963 నాటి భారత కాలపరిమితి చట్టం ప్రకారం ఆ చెల్లు నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. ఇంగ్లండులో 1980 నాటి కాలపరిమితి చట్టం సాధారణ ఒప్పందానికి ఆరేళ్లు, ‘డీడ్’ అనే ప్రత్యేక పద్ధతిలో రాసిన పత్రానికి పన్నెండేళ్లు గడువు ఇస్తుంది. స్కాట్లండులో సాధారణంగా ఐదేళ్లే. ఇక్కడ ఒక మెలిక ఉంది. తిరిగి చెల్లించే తేదీ ఏదీ రాయని రుణానికి ఆ ఆరేళ్లు అప్పు తీసుకున్న రోజు నుంచి కాక, రాతపూర్వకంగా అడిగిన రోజు నుంచి లెక్కకు వస్తాయి, కాబట్టి 2013 నాటి అప్పు 2019లో చచ్చిపోయిందని సంతోషించడానికి లేదు. గడువు ఇంకా నడుస్తుండగా సంతకంతో బాకీని ఒప్పుకున్నా, సద్భావం కోసమని వంద పౌండ్లు పంపినా, అది నోటు వెనుక వేసిన చెల్లుతో సమానం, ఆరేళ్లు మొదటికి వస్తాయి. ఒకసారి గడువు పూర్తిగా దాటిపోయాక మాత్రం ఇంగ్లండులో ఏ ఒప్పుకోలూ దాన్ని తిరిగి బతికించదు. భారతదేశంలో అలా కాదు, కాలదోషం పట్టిన బాకీని కడతానని రాసి సంతకం చేస్తే ఆ రాత కొత్త ఒప్పందంగా చెల్లుతుంది. స్వదేశపు అలవాటుతో పరదేశంలో ఉత్తరాలు రాసేవారు ఈ తేడాను మనసులో ఉంచుకోవాలి. రుణపత్రం ఏ దేశపు చట్టానికి లోబడినదో అందులోనే ఒక నిబంధన ఉంటుంది, దాన్నిబట్టి ఈ లెక్కంతా మారిపోవచ్చు.

రెండవది బదలాయింపు, అంటే రుణం వసూలు చేసుకునే హక్కును ఒకరి నుంచి మరొకరికి మార్చడం. 1925 నాటి ఆస్తి చట్టం ప్రకారం అది రాతపూర్వకంగా జరిగి, రుణగ్రహీతకు రాతపూర్వకంగా తెలియజేసినప్పుడే కొనుక్కున్నవారు సొంత పేరుతో దావా వేయగలరు. ఇక ట్రస్టీలు లబ్ధిదారుల మేలు కోసం పనిచేయవలసినవారు. ఈ ట్రస్టుల్లో లబ్ధిదారులు చాలావరకు ఆ కాంట్రాక్టర్లే గనుక, వారి అప్పులను వారి మీదికే వసూలుకు వచ్చే మూడో మనిషికి అమ్మడం విశ్వాసభంగం కాదా అన్న ప్రశ్న న్యాయమైనది. వినియోగదారుల రుణ చట్టం కింద అనుమతి లేకుండా ఇచ్చిన అప్పు వసూలుకు అడ్డంకులుండవచ్చు. ఈ వ్యాసకర్త కంపెనీకి రాసిన ఏకైక ఉత్తరంలో బాకీని ఒప్పుకోవడం లేదని మొదటి వాక్యంలోనే చెప్పి, సంతకం ఉన్న రుణపత్రం, బదలాయింపు పత్రం, ఏ తేదీన ఎంత ఇచ్చారో తెలిపే పద్దు చూపమని కోరాడు. వచ్చిన జవాబులో పద్దు ఒక్కటే ఉంది, అందులోనూ రెండు నెలల మొత్తాలు బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిపోలేదు. రుణపత్రం నకలును మరో మార్గంలో, వ్యక్తిగత సమాచారాన్ని కోరే హక్కు ద్వారా పాత నిర్వాహకుల నుంచి రాబట్టవలసి వచ్చింది. అది డీడ్ కాదనీ, ఇంగ్లండు చట్టానికే లోబడినదనీ, చెల్లింపు తేదీ లేదనీ అప్పుడు తేలింది.

ఇంత తెలిసిన తరువాతనే రాజీ లెక్క వేయడం సాధ్యమయింది. ఇంగ్లండులో 64,000 పౌండ్లకు దావా వేయాలంటే వాది ముందుగా ఐదు శాతం, అనగా 3,200 పౌండ్లు, కోర్టు రుసుము కట్టాలి. పత్రాలు సరిగాలేని కంపెనీ వేలమందిలో ఒక్కొక్కరిపై అంత పెట్టుబడి పెట్టడం అనుమానమే గనుక, దావా వేసే అవకాశం అయిదింట ఒకటి, వేస్తే ఓడిపోయే అవకాశం మూడింట ఒకటి అని ఈ వ్యాసకర్త అంచనా వేశాడు. ఓడితే బాకీ, ఇరుపక్షాల ఖర్చులు కలిసి 84,000 పౌండ్లు అవుతాయనుకుంటే, దానిలో పదిహేనో వంతు 5,600 పౌండ్లు. రాజీకి అడిగినది 9,600. దావా అవకాశం అయిదింట రెండు అని వేసుకుంటే ఆ 5,600 కాస్తా 11,200 అయి రాజీయే లాభంగా కనిపిస్తుంది. ఈ లెక్క ఎంత నాజూకైనదో దీన్నిబట్టి తెలుస్తుంది. పత్రాల బలం తెలియకుండా వేసిన లెక్కకు విలువ లేదు. మాఫీ అయిన మొత్తం మళ్లీ పన్ను ప్రశ్నలు లేవనెత్తవచ్చుననీ, రాజీ ధరలో అది చేరదనీ కూడా గుర్తించాలి. ఇవన్నీ చూశాక రాజీ పడకూడదని నిర్ణయించుకొని, ఆ 9,600 పౌండ్లను మాత్రం విడిగా ఒక పొదుపు ఖాతాలో వేశాడు. దావా వస్తే భయంతో కాక సొమ్ముతో ఎదుర్కోవచ్చునని ఇంట్లోవారికి చెప్పగలిగినది ఆ ఖాతా వల్లనే.

రాజీ ఎప్పుడూ తప్పని దీని అర్థం కాదు. పత్రం డీడ్ అయినా, చెల్లింపు తేదీ స్పష్టంగా ఉన్నా, దావా నిజంగా కోర్టుకు ఎక్కినా, తీర్పు నమోదు వల్ల ఉద్యోగానికి ముప్పు ఉన్నా రాజీయే వివేకం కావచ్చు. అప్పుడు కూడా ‘హక్కులకు భంగం లేకుండా’ అనే మాటతో బేరం సాగించి, ఆ సొమ్ముతో ఇప్పటి, రాబోయే క్లెయిములన్నీ తీరిపోతాయనీ, ఆ రుణాన్ని మరెవరికీ అమ్మలేదనీ, అమ్మబోమనీ రాయించుకున్న తరువాతనే డబ్బు పంపాలి.

దాదాపు యాభై వేలమంది లోన్ చార్జి పరిధిలోకి వచ్చారని పన్నుల శాఖ అంచనా. ఈ వ్యవహారంతో ముడిపడిన పది ఆత్మహత్యలను ఆ శాఖే పోలీసు ప్రవర్తనను పర్యవేక్షించే స్వతంత్ర కార్యాలయానికి నివేదించింది. రే మెకాన్ చేసిన కొత్త సమీక్ష తరువాత 2025 నవంబరు బడ్జెట్‌లో, ఇంకా పన్ను తేల్చుకోనివారికి ప్రభుత్వం మరికొంత తగ్గింపు ప్రకటించింది, కాబట్టి ఆ కోవలో ఉన్నవారు పాత లెక్కలతో నిరాశపడక కొత్త నిబంధనలను సలహాదారు చేత చూపించుకోవాలి. ప్రైవేటు కంపెనీ తాకీదు అందినవారు మాత్రం దాన్ని బుట్టలో వేయవద్దు, ఆ రాత్రే డబ్బూ పంపవద్దు. కోర్టుకు ముందు పంపే లాంఛనపు క్లెయిమ్ లేఖ అయితే ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. కోర్టు నుంచే క్లెయిమ్ ఫారం వస్తే రోజుల లెక్కలో కదలాలి, లేకుంటే వాదన వినకుండానే తీర్పు వచ్చి ఆరేళ్లపాటు రుణచరిత్రలో ఉండిపోతుంది.

తొలి తాకీదు నుంచి ఆరేళ్లు 2025 అక్టోబరుతో నిండాయి. దావా రాలేదు. ఆ 9,600 పౌండ్లను ఈ వ్యాసకర్త డిసెంబరులో ఇంటి రుణం అసలుకు జమ చేశాడు.